నూట ఇరవై అయిదో వంశం

2028 డిసెంబరు 31, ఆదివారం, కీలక నామ సంవత్సరం. ఆరుద్రా నక్షత్రం, మిథున రాశి, కేతుగ్రస్త సంపూర్ణ చంద్రగ్రహణం. స్పర్శ రా. 8-38, నిమీలనం 9-46, మధ్యం 10-22, ఉన్మీలనం 10-58, మోక్షం 12-06. బింబం పూర్తిగా నీడలో మునిగి ఉండేది సుమారు 71 నిమిషాలు. పట్టు నుంచి విడుపు దాకా దాదాపు మూడున్నర గంటలు. ఇచ్ఛాపురంలో అయినా ఆదిలాబాదులో అయినా ఇవే వేళలు. సూర్యగ్రహణానికైతే ఊరూరికీ లెక్క మారుతుంది. ఇక్కడ నీడ పడేది చంద్రుడి మీదే గనక ఎవరు ఎక్కణ్నుంచి చూసినా అదే క్షణం.

పంచాంగంలో ఈ సంగతంతా నాలుగు వరుసల్లో సరిపోతుంది. అలాంటి వరుసలు దిద్దడమే ఒకప్పుడు నా వృత్తి. రాజమండ్రిలో ఒక పంచాంగ ప్రచురణకర్త దగ్గర ప్రూఫులు చూసేవాణ్ని. సీసపు అక్షరాల రోజుల్లో చేరి, కంప్యూటర్లు వచ్చాక కూడా కొన్నాళ్లు ఉండి మానేశాను. దసరా దాటాక సిద్ధాంతి గారి రాతప్రతి వచ్చేది. పొడుగాటి కాగితాలు, ఎర్ర సిరాతో గళ్లు, నల్ల సిరాతో అంకెలు. తిథి ఎందాకా, నక్షత్రం ఎందాకా, వర్జ్యం, దుర్ముహూర్తం, అమృతఘడియలు. 'తె.' అంటే తెల్లవారుజాము, 'ప.' అంటే పగలు, 'రా.' అంటే రాత్రి. ఈ మూడు పొట్టి గుర్తులే మా ప్రాణం తీసేవి. ఒకడు పైకి చదవాలి, ఇంకొకడు ప్రూఫు మీద వేలు పెట్టి చూసుకుంటూ పోవాలి. గ్రహణాల పేజీ మాత్రం యజమాని మూడోసారి కూడా చదివించేవాడు. ఏకాదశి ఒక రోజు అటో ఇటో పడితే ఏ పురోహితుడో పోస్టుకార్డు రాస్తాడు, పూర్వసిద్ధాంతమనీ దృక్సిద్ధాంతమనీ వాదించి బయటపడొచ్చు. గ్రహణం పావుగంట తప్పితే ఊరు ఊరంతా కోటిలింగాల రేవులో నిలబడి తలెత్తి చూస్తుంది. అందుకే తిథులకి పాత పద్ధతి వదలని సిద్ధాంతులు కూడా గ్రహణం దగ్గరికి వచ్చేసరికి దృక్కునే, అంటే కంటికి కనిపించేదానితో సరిపోయే లెక్కనే, పట్టుకుంటారు. మన పంచాంగాల తగువుల్లో నాకు బాగా నచ్చిన సంగతి ఇదే.

ఆ పేజీ గురించి నాకొక అసంతృప్తి ఉండేది. దానిలో ప్రతి గ్రహణమూ అనాథలా నిలబడి ఉంటుంది. దాని ముందు ఏది వచ్చింది, దాని తరవాత ఏది వస్తుంది అన్న మాటే ఉండదు. అది లెక్క కట్టే తీరు అలాంటిది. మన సిద్ధాంతుల పద్ధతిలో కలియుగం మొదలైన రోజు నుంచి, అంటే క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18 నుంచి, కావలసిన రోజు దాకా ఎన్ని దినాలు గడిచాయో ముందు తేల్చాలి. అది అహర్గణం. దాన్నించి సూర్యుడి మధ్యమ స్థానం, చంద్రుడిది, రాహువుది రాబట్టి, ఒక్కొక్కదానికీ సంస్కారాలు చేసి, ఆ పౌర్ణమి ఘడియకి చంద్రుడు రాహుకేతువుల్లో ఒకరికి ఎంత దగ్గరగా ఉన్నాడో చూసి, నీడ వ్యాసం ఎంతో, బింబం ఎంతో లెక్కగట్టాలి. వచ్చే గ్రహణానికి మళ్లీ కలియుగం నుంచి మొదలు. నిన్నటి గ్రహణం ఈవాళ్టి గ్రహణానికి ఏమీ కాదు.

చుట్టరికం నాకు కనిపించింది ఆఫీసు బీరువాలో. పండగల తేదీలు పోల్చుకోవడానికి పాత పంచాంగాలు సంవత్సరాల వారీగా బీరువాలో పెట్టేవాళ్లం. 1992 డిసెంబరు గ్రహణం ప్రూఫు చదువుతున్నప్పుడు, అలవాటుగా వెనక్కి తిప్పి చూస్తే 1974 నవంబరు 29, శుక్రవారం, కార్తిక పౌర్ణమి నాటి సంపూర్ణ గ్రహణం తగిలింది. అదీ కేతుగ్రస్తమే. పట్టు విడుపుల నిడివి దాదాపు అంతే. నక్షత్రం మాత్రం ఒక మెట్టు వెనక: అక్కడ రోహిణి, ఇక్కడ మృగశిర. మధ్యలో పద్దెనిమిదేళ్లూ పదకొండు రోజుల చిల్లర.

సిద్ధాంతి గారు ప్రెస్సుకి వచ్చినప్పుడు ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని చూసి, "ఇందులో ఆశ్చర్యమేముందోయ్. రాహువు పద్దెనిమిదేళ్ల చిల్లరకి చుట్టు తిరిగి వస్తాడు. ఆయన వస్తే గ్రహణం రాదా?" అన్నారు.

"చుట్టు పూర్తయితే మళ్లీ రోహిణిలోనే పట్టాలి కదండీ. మృగశిరకి ఎందుకు జరిగింది?"

"ఆ ప్రశ్న మీ ప్రెస్సువాళ్లకెందుకు? అంకె సరిగ్గా పడిందా లేదా చూడు," అని నవ్వి, పోతూ పోతూ గుమ్మంలో ఆగారు. "చుట్టు పూర్తవదు. పదకొండు భాగలు తక్కువ పడుతుంది. లెక్క వేసుకో."

ఆయన చెప్పింది నిజమే. రాహువు చుట్టు పూర్తికి 18.6 ఏళ్లు పడుతుంది. మన గ్రహణం తిరిగొచ్చేది దానికన్నా ఆర్నెల్లకి పైగా ముందే, 6,585 రోజుల 8 గంటలకి. ఆ లోపల రాహువు వెనక్కి నడుస్తూ 349 భాగల దాకా వస్తాడు, పదకొండు మిగిలిపోతాయి. సూర్యుడేమో పద్దెనిమిది చుట్లు పూర్తిచేసి మరో పదకొండు రోజులు ముందుకి నడుస్తాడు. రోజుకో భాగ చొప్పున అతనూ పదకొండు భాగలే. వెనక్కి వచ్చేవాడూ ముందుకి పోయేవాడూ అక్కడే కలుసుకుంటారు. అందుకే గ్రహణం రోహిణి నుంచి మృగశిరకి, మృగశిర నుంచి ఆరుద్రకి మెల్లిగా నక్షత్రాలు దాటుకుంటూ పోతుంది. 2010లో వచ్చినది ఇంకా మృగశిరలోనే, కాకపోతే నాలుగో పాదం. 2028ది ఆరుద్ర. 2047 జనవరి 12న వచ్చేది పునర్వసు.

దీనికి పాశ్చాత్య జ్యోతిశ్శాస్త్రంలో పెట్టిన పేరు సారోస్. పౌర్ణమి నుంచి పౌర్ణమికి 29.53 రోజులు. అలాంటివి 223 అయితే 6585.32 రోజులు. చంద్రుడు ఒక పాతం (రాహువో కేతువో) నుంచి మళ్లీ అదే పాతానికి రావడానికి 27.21 రోజులు. అవి 242 అయితే 6585.36. భూమికి దగ్గరగా వచ్చిన చోటి నుంచి మళ్లీ అంత దగ్గరికి రావడానికి 27.55 రోజులు. అవి 239 అయితే 6585.54. మూడూ దాదాపు ఒకేచోట తేలడం ఎవరూ ఏర్పాటు చేసింది కాదు, అలా కుదిరింది, అంతే. మొదటి రెంటి మధ్య ఉన్న నాలుగు వందో వంతుల రోజు తేడా, సుమారు గంట, చాలా చిన్నది. ఆ గంటే ఈ గ్రహణాల వంశానికి పుట్టుకా చావూ పెట్టింది. ప్రతిసారీ చంద్రుడు నీడలోకి కాస్త పక్కగా వస్తాడు. నీడ ఒక అంచున మొదలై, మధ్యకి చేరి, రెండో అంచు నుంచి జారిపోతాడు.

ఈ వంశానికి ఇచ్చిన సంఖ్య 125. మొత్తం 72 గ్రహణాలు, 1,280 ఏళ్లు. మొదటిది 1163 జులై 17న. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో కాకతి రుద్రదేవుడి శాసనం పడింది ఆ ఏడు జనవరిలోనే. జులైలో పుట్టిన ఈ పిల్లని మాత్రం ఎవరూ చూసి ఉండరు. భూమి నీడకి చుట్టూ పలుచటి నీడ ఒకటి ఉంటుంది, దాని అంచు తాకితే వెన్నెల మసకబారినట్టు కూడా తెలియదు. మూడు వందల ఏళ్లు అలాగే, లెక్కకి గ్రహణం, కంటికి మామూలు పౌర్ణమి. 1470 జనవరిలో మొదటిసారి అసలు నీడ తగిలింది. 1704 జూన్ 17న మొదటి సంపూర్ణం. 1812 ఆగస్టు 22న వంశంలోకల్లా పెద్దది, నూరు నిమిషాల పైన మునిగి ఉన్నాడు చంద్రుడు. అప్పటి నుంచి దిగుముఖం. 2028ది 71 నిమిషాలే. ఇలా ఇంకో ఏడు సంపూర్ణాలు, ఆఖరిది 2155 మార్చి 19. తరవాత పాక్షికాలు, తరవాత మళ్లీ ఎవరికీ కనిపించని పలుచటి నీడలు, 2443లో పూర్తి. డెబ్బైరెంటిలోనూ పట్టేది కేతువే. ఈ ఇంట రాహువుకి పని లేదు.

పైన ఎనిమిది గంటల చిల్లర అన్నాను. దాని ఫలితం నాకు చాలా ముచ్చటగా ఉంటుంది. ఎనిమిది గంటల్లో భూమి మూడో వంతు తిరుగుతుంది గనక, ఈసారి మనకి రాత్రి పూట వచ్చినది వచ్చేసారి మనకి తెల్లవారు వేళకి, ఆపై సారి పట్టపగటికి పోతుంది. మళ్లీ నాలుగో దానికి మన రాత్రికి వస్తుంది. అంటే వంశం ఒకటే, శాఖలు మూడు. ఒక్కో శాఖకి యాభై నాలుగేళ్లూ ఒక నెల చిల్లరా.

మన శాఖ ఇది: 1812, 1866 సెప్టెంబరు 24, 1920 అక్టోబరు 27, 1974 నవంబరు 29, 2028 డిసెంబరు 31. అన్నీ మనకి సాయంత్రమో రాత్రో కనిపించేవే. 1866 అంటే గంజాం కరువు ఏడు. 1920లో ఇప్పటి మన గడియారం ప్రకారం మధ్యకాలం రాత్రి 7-41, 1974లో 8-43, 2028లో 10-22. తరవాతది 2083 ఫిబ్రవరి 2, అర్ధరాత్రి దగ్గర. 1974లో కార్తిక పౌర్ణమి దీపాలు పెట్టడానికి వచ్చిన ఆడవాళ్లూ గ్రహణ స్నానానికి వచ్చినవాళ్లూ రేవులో కలిసిపోయి మెట్ల మీద అడుగు పెట్టే చోటు లేకపోవడం నాకు గుర్తుంది. పట్టు స్నానం చేసినవాళ్లు తడిబట్టలతో జపానికి కూర్చున్నారు. మంత్రోపదేశం పొందేవాళ్లు ఒక పక్క. ఇళ్లలో పాల మీదా ఊరగాయ జాడీల మీదా దర్భలు. మా వీధిలో ఒకాయన పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టి, అది పడిపోకుండా ఉందని అందరినీ పిలిచి చూపించాడు. రోకలి మామూలు రోజున కూడా నిలబడుతుంది. కానీ మామూలు రోజున నిలబెట్టే ఓపిక ఎవరికుంటుంది?

పట్టపగటి శాఖ: 1902, 1956, 2010. ఇవి మనకి దక్కవు. 1956 నవంబరు 18న, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పద్దెనిమిదో రోజున, మిట్టమధ్యాహ్నం చంద్రుడు మన కాళ్ల కింద వైపు మునిగి తేలాడు. 2010 డిసెంబరు 21 నాటిది అమెరికాలో ఉన్న మనవాళ్లకి అర్ధరాత్రి దాటాక కనిపించింది. శీతకాలపు అయనాంతమూ సంపూర్ణ చంద్రగ్రహణమూ ఒకే తేదీన పడటం 1638 తరవాత అదే మొదలని అక్కడి పత్రికలు రాశాయి. మా పంచాంగంలో దానికి ఒక్క ముక్క: 'మనకు కనిపించదు, నియమాలు లేవు.'

మూడోది తెల్లవారు శాఖ: 1884, 1938, 1992, 2047. దీని కథ వేరు. 1992 డిసెంబరు 10, మధ్యకాలం తె. 5-14. మోక్షం కాకముందే చంద్రుడు అస్తమిస్తాడు గనక గ్రస్తాస్తమయం. నేనే ప్రూఫు చూసిన గ్రహణమని గట్టు మీదికి వెళ్లాను. మేఘం లేదు, నక్షత్రాలు బాగా కనిపిస్తున్నాయి, చంద్రుడు మాత్రం దొరకలేదు. మామూలుగా సంపూర్ణ గ్రహణంలో బింబం రాగి చెంబులా ఎర్రబడి కనిపిస్తుంది. భూమి చుట్టూ ఉన్న గాలి సూర్యకాంతిని వంచి ఆ ఎరుపుని నీడలోకి పంపుతుంది. ఆ రోజు ఎరుపు లేదు, బూడిదరంగు మరక ఒకటి, అదీ పక్కచూపుతో వెతికితే. కారణం తరవాత చదివాను. అంతకు ముందు ఏడు జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో అగ్నిపర్వతం పేలి, గంధకపు పొగమంచు ఆకాశం పైపొరల్లో ప్రపంచమంతా పరుచుకుంది. వంగి వెళ్లాల్సిన వెలుగుని అది మధ్యలోనే తినేసింది.

సరిగ్గా ఆరు తరాల వెనక, నూట ఎనిమిదేళ్ల క్రితం, ఇదే శాఖలో 1884 అక్టోబరు 4 నాటి గ్రహణం. యూరప్‌లో అది రాత్రి పూట వచ్చింది, మనకి తెల్లవారితే 5. అక్కడి ఖగోళజ్ఞులు చంద్రుడు దాదాపు మాయమైపోయాడని రాసుకున్నారు. అంతకు ముందు ఏడు ఆగస్టులో క్రకటోవా పేలింది. ఒకే వంశం, ఒకే శాఖ, రెండు బూడిద గ్రహణాలు. ఇందులో శకునమేమీ లేదు, అగ్నిపర్వతాలకి పంచాంగం తెలియదు. 1963 డిసెంబరు 30న బాలీలోని అగుంగ్ తరవాత వచ్చిన నల్లటి గ్రహణం ఇంకో వంశానిది. నాకు ఆసక్తి వేరే చోట. అహర్గణం గానీ సారోస్ గానీ వేళని నిమిషానికి చెబుతాయి, రంగు చెప్పలేవు. ఫ్రెంచి ఖగోళజ్ఞుడు ఆండ్రే డాంజాన్ 1921లో గ్రహణపు ముదురు తేలికలకి సున్నా నుంచి నాలుగు దాకా ఒక కొలమానం పెట్టాడు, కానీ అది చూశాక వేసే మార్కు. 2028 రాత్రి చంద్రుడు ఏ రంగులో ఉంటాడో 2027లో ఏ కొండ పేలుతుందో తెలిస్తే గానీ చెప్పలేం.

ఈ పద్దెనిమిదేళ్ల వరసని మొదట పట్టుకున్నవాళ్లు బాబిలోనియా లేఖకులు. వాళ్లు లెక్క కట్టి కనిపెట్టలేదు. కాపలా కాసి కనిపెట్టారు. క్రీ.పూ. ఎనిమిదో శతాబ్ది నుంచి మట్టి పలకల మీద గ్రహణాలు రాసుకుంటూ వచ్చారు. రాత్రి ఏ జాములో మొదలైంది, ఏ పక్క నుంచి నీడ వచ్చింది, గాలి ఎటు వీస్తోంది. పగటి పూట పడి కనిపించకుండా పోయినదాన్ని కూడా 'వస్తుందనుకున్నది' అని రాసిపెట్టారు. క్రీ.శ. రెండో శతాబ్దిలో టోలెమీ క్రీ.పూ. 721 నాటి బాబిలోన్ చంద్రగ్రహణాన్ని తన లెక్కలకి వాడుకున్నాడంటే ఆ రికార్డు ఎంత గట్టిదో చూడండి. వాళ్లకి దీనితో అవసరం కూడా అలాంటిదే. అసీరియాలో చంద్రగ్రహణం రాజు ప్రాణానికి ముప్పు. గ్రహణ దోషం తగిలే రోజులకి ఎవరో ఒక అనామకుణ్ని సింహాసనం మీద కూర్చోబెట్టి, అసలు రాజు పక్కకి తప్పుకునేవాడు. అనామకుడు తరవాత బతికేవాడు కాదు. ముందుగా తెలియకపోతే ఈ ఏర్పాటంతా ఎలా చేస్తారు? 223 మాసాల్లో 38 సార్లు చంద్రగ్రహణానికి అవకాశం ఉంటుందని వాళ్లు పట్టిక కట్టారు. ఆ పట్టికే తరవాత గ్రీకుల చేతుల్లో కంచు చక్రాలైంది. 1901లో సముద్రం అడుగున మునిగిన ఓడ నుంచి తీసిన ఆంటికితేరా యంత్రంలో 223 గళ్ల సుడి ఒకటి ఉంది. దాని పక్కన మూడు గళ్ల చిన్న ముఖం ఇంకొకటి, ఎనిమిదేసి గంటలు కలుపుకోవడానికి. నేను చెప్పిన మూడు శాఖలూ ఆ చిన్న ముఖమే.

సారోస్ అన్న పేరు 1691లో ఎడ్మండ్ హేలీ పెట్టాడు. ఆయన పాత నిఘంటువుని తప్పుగా చదివాడని 1756లో ఎత్తి చూపినవాడు గియోమ్ లె జాంటీ. ఈ లె జాంటీయే శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటడం చూడాలని పుదుచ్చేరికి బయల్దేరాడు. 1761లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతిలో పడి ఓడలోనే ఉండిపోయాడు, 1769 దాకా ఆగితే ఆ ఉదయం మబ్బు పట్టింది. పాపం, ఇంతకన్నా దురదృష్టపు ఖగోళజ్ఞుణ్ని నేను వినలేదు. కానీ ఆ ఎదురుచూపుల్లో అక్కడి తమిళ గణకుడొకరి దగ్గర గ్రహణగణితం నేర్చుకున్నాడు. 1765 ఆగస్టు 30 చంద్రగ్రహణపు నిడివిని ఆ గణకుడి పద్ధతిలో కడితే 41 సెకన్లు తక్కువ వచ్చింది. యూరప్‌లో అప్పటికి గొప్పవనుకున్న టోబియాస్ మేయర్ పట్టికలతో కడితే 68 సెకన్లు ఎక్కువ వచ్చింది.

అరవై ఏళ్ల తరవాత అదే పుదుచ్చేరిలో ఇంకో సంఘటన. మద్రాసు వేధశాలలో పనిచేసిన జాన్ వారెన్ 'కాలసంకలిత' అనే పెద్ద పుస్తకం రాసి 1825లో మద్రాసులో అచ్చువేశాడు. ఒక తమిళ పంచాంగకర్త 1825 మే 31 రాత్రి చంద్రగ్రహణాన్ని వారెన్ ఎదుట కట్టి చూపించాడు. కాగితం లేదు, కలం లేదు. నేల మీద గవ్వలు పేర్చడం, నోటికి వచ్చిన వాక్యాల్లోంచి అంకెలు తీయడం, అంతే. మొదలు 4 నిమిషాలు, మధ్యం 23 నిమిషాలు, ఆఖరు 52 నిమిషాలు తేడాతో వచ్చాయి. మా యజమాని అయితే ఆ ఆఖరి అంకె చూసి రాతప్రతి వెనక్కి పంపేసేవాడు. కానీ ఆ గవ్వల లెక్కలో ఒక అద్భుతం ఉంది. చంద్రుడి నడక 248 రోజులకోసారి తిరిగొస్తుందని పట్టుకుని, ఒక్కో రోజుకి ఒక్కో వాక్యంగా కంఠస్థం చేసిన పద్ధతి అది. ఇరవయ్యో శతాబ్దిలో ఓటో నోయిగెబావర్ ఇదే 248 బాబిలోన్ పలకల్లోనూ ఉందని చూపించాడు. మనది కలియుగం నుంచి కట్టే లెక్క, వాళ్లది వరసలు గుర్తుపెట్టుకునే లెక్క అని నేను చాలాకాలం గీత గీసుకుని ఉన్నాను. దక్షిణాదిన ఆ గీత అంత సూటిగా లేదు.

నీడ సంగతి ఆర్యభటుడు క్రీ.శ. 499లోనే చెప్పేశాడు గనక అది తిరగచెప్పను. అంతకన్నా నాకు గౌరవం కేరళ పరమేశ్వరుడి మీద. యాభై ఏళ్లకి పైగా గ్రహణాలు చూస్తూ, లెక్కకీ కంటికీ వస్తున్న తేడాలు రాసుకుని, 1431లో దృగ్గణితం రాశాడు. మనకి దగ్గరవాడు చింతామణి రఘునాథాచారి, మద్రాసు వేధశాల ఉద్యోగి, పంచాంగాల కుటుంబం నుంచి వచ్చినవాడు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి వేధశాల ఒక బృందాన్ని మచిలీపట్నంలో, ఇంకోదాన్ని వనపర్తిలో దింపితే, వనపర్తి పని ఆయనది. అదే గ్రహణాన్ని గుంటూరులో ఫ్రెంచివాడు జాన్సెన్ చూశాడు. పంచాంగాన్ని దృక్కుతో కట్టాలని రఘునాథాచారి పోరాడి, తనే కట్టి అచ్చువేశాడు. ఆయన గెలిచింది ముందు గ్రహణాల పేజీలో. మిగతా పేజీల్లో పోరు ఇంకా నడుస్తూనే ఉంది.

పాత గ్రహణాల జాబితా శాసనాలు చదివేవాళ్లకి కావలసి వచ్చింది. మన తామ్రశాసనాల్లో, గుడి రాళ్ల మీద 'సోమగ్రహణ నిమిత్తం' అని చెప్పి ఊళ్లు, మాన్యాలు ధారపోసినవి ఎన్నో. గ్రహణం పేరు ఉంటే రాతి మీది తేదీని నిలదీయొచ్చు, ఆ నెలలో నిజంగా గ్రహణం పట్టిందా లేదా అని. 1877లో అమరావతి స్తూపం తవ్వించిన రాబర్ట్ సెవెల్ ఈ పనికే 1898లో భారతదేశంలో కనిపించిన చంద్రగ్రహణాల పట్టికని పుస్తకంగా తెచ్చాడు. దానికి ఆధారం ఓపోల్జర్ కట్టగా వియన్నాలో 1887లో అచ్చయిన మహాపట్టిక, 8,000 సూర్యగ్రహణాలు, 5,200 చంద్రగ్రహణాలు. ఆ వేల గ్రహణాలని విడదీసి వంశాల వారీగా నిలబెట్టి, ఒక్కోదానికి సంఖ్య ఇచ్చినవాడు డచ్ దేశస్థుడు వాన్ డెన్ బెర్గ్, 1955లో. వృత్తికి ఆయన న్యాయశాస్త్రం చెప్పే ప్రొఫెసరు. వారసత్వాలు తేల్చే పని లాయరుకి రావడంలో వింతేముంది?

ఆయన చూపించిన అడ్డచుట్టరికం ఇంకొకటి ఉంది. ఇరవై తొమ్మిదేళ్లకి ఇరవై రోజులు తక్కువ, 358 మాసాలు. 2028 నుంచి అలా వెనక్కి వెళితే 2000 జనవరి 21 గ్రహణం. అది పక్కింటిది, 124వ వంశం, అక్కడ పట్టేది రాహువు. పంతొమ్మిదేళ్లకి వచ్చే మూడో వరస మన అధికమాసాలు తేల్చేవాళ్లకి పరిచయమైనదే, 235 మాసాలు. దానివల్ల ఇంగ్లీషు తేదీ కలుస్తుంది. 2009 డిసెంబరు 31 అర్ధరాత్రి దాటాక చిన్న పాక్షిక గ్రహణం, 2028లో అదే తేదీకి సంపూర్ణం, 2048 జనవరి 1న ఇంకో సంపూర్ణం, అది అమెరికాకి. ఈ పంతొమ్మిదేళ్ల చుట్టాలు నాలుగైదు సార్లు కనిపించి తెగిపోతారు, పద్దెనిమిదేళ్ల వంశంలా వెయ్యేళ్లు నిలవరు.

ఇక ప్రెస్సులో ఇప్పుడు నా కుర్చీలో ఉన్న అబ్బాయికి ఒక మాట. కీలక పంచాంగం ప్రూఫులు నీ దగ్గరికి 2027 దసరా తరవాత వస్తాయి. ఆ మోక్షకాలం దగ్గర జాగ్రత్త. 12-06 ముందు 'రా.' పడాలి, 'ప.' పడితే గ్రహణం మధ్యాహ్నం దాకా సాగుతుంది. ఇంగ్లీషు తేదీ జనవరి 1 అవుతుంది, కానీ మన లెక్కలో సూర్యోదయం దాకా ఆదివారమే. కాబట్టి సోమవారం కింద వేసి చూడామణి గ్రహణమని ఎవరైనా రాస్తే కొట్టెయ్యి. పన్నెండు కొట్టగానే కేకు కోసేవాళ్లు ఫోన్ చేసి అడుగుతారు, ఆరు నిమిషాలు ఆగమని చెప్పు. విడుపు స్నానం అన్నది ఇంకో పావుగంట.